తలుపు దగ్గర నుంచి మూడో మంచం

నాలుగైంది, ఇక మొదలుపెడుతుంది నర్సు, తలుపు పక్క మంచం నుంచి, ఎప్పుడూ అక్కడి నుంచే, ముందు మాస్టారి కొడుక్కి ఫోను, తరువాత రెండో మంచం తాలూకు పెళ్ళికొడుక్కి, భార్య లోపల ఉంది, పెళ్ళై ఏడాది కూడా కాలేదు కాబట్టి అందరం అతన్ని అలాగే అంటున్నాం, మూడోది మా అక్క, అంటే నాకు, నాలుగోది వాళ్ళావిడ గురించి బేకరీ ఆయనకి, ఆ తరువాత కిటికీ దాకా ఇంకొందరు, వాళ్ళ గొంతులు నాకు తెలియవు, గ్రూపులో వాళ్ళు పెట్టుకున్న బొమ్మలే తెలుసు, ఒకరిది గులాబీ, ఒకరిది కారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. నాలుగుకీ అయిదుకీ మధ్య ఆస్పత్రి వాళ్ళే ఫోను చేసి ఎలా ఉన్నారో చెబుతారు, మనం చేస్తే ఎత్తరు, ఎత్తినా కనుక్కుని చెబుతామంటారు, ఆ కనుక్కోవడం ఇంతవరకూ ఎవరి విషయంలోనూ పూర్తయినట్టు నేను వినలేదు. నిన్నటిలాగే ఉన్నవాళ్ళ గురించీ, కాస్త నయంగా ఉన్నవాళ్ళ గురించీ నర్సు చెబుతుంది. మిగతావాళ్ళ గురించి డాక్టరు చెబుతాడు, అదీ నర్సు వరస మొత్తం పూర్తయ్యాక, చివర్లో. ఇది మాకెవరూ చెప్పలేదు, చూడగా చూడగా అర్థమైంది. ఫోను వచ్చినవాళ్ళం గ్రూపులో వచ్చింది అని పెడతాం, ఆ ఒక్క మాటే, ఎలా ఉన్నారని ఎవరూ అడగరు, నర్సు చేసిందంటేనే బాగున్నట్టు. ఆరో మంచం తాతగారిని దాటేసి నర్సు ఏడో మంచం వాళ్ళకి ఫోను చేసిన రోజున, ఏడోవాళ్ళూ ఎనిమిదోవాళ్ళూ తమకి వచ్చినా పెట్టలేదు, తాతగారి మనవడు ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటాడని. ఎవరూ కూడబలుక్కున్నది కాదు, మర్యాద. మర్నాడు మనవడు గ్రూపులోంచి వెళ్ళిపోయాడు, ఆ సంగతి ఫోనే చెప్పింది, ఫలానావారు వెళ్ళిపోయారు అని చిన్న బూడిద రంగు అక్షరాల్లో. అప్పటి నుంచి అది మా పద్ధతి అయింది. ఒక మంచాన్ని దాటేస్తే ఆ తరువాతివాళ్ళు నోరు విప్పరు.

ఫోనుని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాను. పక్కన టీ. అవతల కంప్యూటరులో పట్టిక, అయిదుకల్లా పైకి పంపాలి, మీటింగు ఉంది, ఎన్ని మంచాలు వేయాలో, ఎన్ని శీతల గదులు అద్దెకి తీసుకోవాలో దాన్నిబట్టి తేలుస్తారు. నా పని ఈ జబ్బు ఎటు పోతుందో చెప్పడం. వచ్చే నెల ఎందరికి వస్తుంది, ఎందరు ఆస్పత్రికి వెళతారు, ఎందరికి ఊపిరి మిషను కావాలి, అన్నిటికన్నా కింద ఎందరు పోతారు. పోతారు అనే మాట మా ఆఫీసులో ఎవరూ వాడరు. చివరి వరుస అంటారు. చివరి వరుస ఎంత, చివరి వరుస పెరిగినట్టుందే, చివరి వరుస ఒకసారి సరిచూడండి. కాగితం మీద గీతలు మూడుంటాయి. జనం జాగ్రత్తగా ఉంటే కిందిది, గాలికి వదిలేస్తే పైది, ఎప్పటిలాగే ఉంటే మధ్యది. మా పెద్దాయనకి ఎప్పుడూ మధ్యదే కావాలి, కిందిది చూపిస్తే ఆశ పెట్టకండి అంటాడు, పైది చూపిస్తే భయపెట్టకండి అంటాడు, అందుకే వెనకాల ఆయన పేరు మధ్యగీత, ఆ సంగతి ఆయనకీ తెలుసని నా అనుమానం. అక్కకి ఈ మూడు గీతల సంగతి మొదటిసారి చెప్పినప్పుడు వంటింటి గట్టు మీద కూర్చుని తెగ నవ్వింది. మూడు చెబుతావు, ఏదో ఒకటి తగలకపోదు, దానికి నీకు జీతం కూడానా అంది. ఆ రోజు నుంచి నా పేరు జోస్యం. జోస్యం, ఇవాళ గొడుగు పట్టుకెళ్ళనా. జోస్యం, పాలు పొంగుతాయంటావా. పొంగాయి కూడా, మేం మాట్లాడుకుంటూ ఉండగానే.

ఎప్పుడు అయిపోతుంది, అని అందరూ నా తల తిన్నారు. కింద వాటా ఆవిడ, లిఫ్టు బాగుచేసే అతను, ఆఖరికి పళ్ళ డాక్టరు, నోట్లో రెండు చేతులూ పెట్టి మరీ అడిగాడు, ఏం చెప్పను, నోరు ఆయన దగ్గరే ఉంది. అయిపోదండీ, అది నిజం. ఇంకా కొన్నాళ్ళు ఎక్కుతుంది, తరువాత దిగుతుంది, దిగుతున్నప్పుడు జనం తలుపులు తీసుకుని బయటికి వస్తారు, అప్పుడు మళ్ళీ ఎక్కుతుంది, ఈసారి కొంచెం తక్కువ. అలా రెండు మూడుసార్లు ఎక్కి దిగాక మామూలు జలుబుల్లో కలిసిపోతుంది, దానికంటూ ఒక రుతువు ఏర్పడుతుంది, పెద్దవాళ్ళని ఏటా కాసినిమందిని తీసుకుపోతుంది, అప్పటికి అది వార్త కూడా కాదు. ఎక్కేటప్పుడు పోయేవాళ్ళకన్నా దిగేటప్పుడు పోయేవాళ్ళే ఎక్కువ, ఈ ముక్క చెబితే ఎవరూ నమ్మరు, గీత కిందికి వస్తోంది కదా అంటారు. గీత కిందికి వచ్చేటప్పుడు కూడా దాని కింద మనుషులు ఉంటారు. ఇంకో ముక్క అసలు చెప్పను. వచ్చే రెండు మూడు వారాల్లో పోయేవాళ్ళకి ఈపాటికే జబ్బు వచ్చేసింది. కొందరికి ఇంకా దగ్గు కూడా లేదు. ఈ వేళ కూరగాయలు బేరమాడుతున్నారు, పిల్లల జుట్టు దువ్వుతున్నారు, ఎవరితోనో పోట్లాడి మాటలు మానేశారు. జనం నన్ను జరగబోయేది చెప్పమంటారు గానీ నేను చెప్పేది చాలావరకు జరిగిపోయిందే, వాళ్ళకి ఇంకా కబురు అందలేదు, అంతే.

వచ్చింది. మాస్టారి కొడుకు పెట్టాడు. ఇతను పెట్టేది చుక్కతో సహా పెడతాడు, వచ్చింది, చుక్క. వాళ్ళ నాన్న లెక్కల మాస్టారు, చుక్క మరిచిపోతే వేళ్ళ మీద కొట్టేవాడట. కిటికీలోంచి కింద బస్సుల డిపో కనిపిస్తుంది, పసుపు రంగు బడి బస్సులన్నీ బారులు తీరి దుమ్ము పట్టి ఉన్నాయి, ఆ మూలది అక్కది, అద్దం మీద ఎవరో వేలితో పువ్వు గీశారు. అక్క బడి బస్సు నడుపుతుంది. బడులు మూసేశాక ఆ బస్సులతోనే ఆస్పత్రి మనుషులను ఇళ్ళ నుంచి తెచ్చి దింపమన్నారు, చాలామంది డ్రైవర్లు నడుం నొప్పి అన్నారు, అక్కకి నిజంగానే నడుం నొప్పి, అది మాత్రం వెళ్ళింది. వద్దే అన్నాను, గీతలు చూపించాను, పై గీత మీద వేలు పెట్టి మరీ చూపించాను. గోడకి చెప్పినట్టే. వాళ్ళని నేను దింపకపోతే నీ చివరి వరుస ఇంకా పెరుగుతుంది కదే, అంది. అది నిజం, పట్టికలో అందుకు ఒక గడి కూడా ఉంది, సిబ్బంది రాకపోకలు. తన సీటు వెనక ప్లాస్టిక్ పరదా ఒకటి తానే కుట్టి కట్టుకుంది, బాత్‌రూమ్ పరదా, దాని మీద చేపలు. ఎక్కేవాళ్ళని తలలు లెక్కపెట్టే అలవాటు పోలేదు, డాక్టర్లనీ నర్సులనీ కూడా లెక్కపెట్టేదట, కూర్చోండి, అందరూ కూర్చుంటే గానీ బండి కదలదు. అంబులెన్సు వచ్చిన రోజున తన కాళ్ళ మీద తనే నడిచి వెళ్ళింది, వెళ్ళి ఎక్కకుండా డ్రైవరు అద్దం మీద కొట్టి, బాబూ నీ వెనక టైరులో గాలి లేదు చూసుకో, అంది. ఎక్కాక నా వైపు తిరిగి అడిగింది.

"జోస్యం, నేను ఏ గీతలో ఉన్నానే?"

"కిందిదాంట్లో," అన్నాను.

"అబద్ధాలకోరు," అంది, తలుపు వేసేశారు.

అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు, ఉన్నది మేమిద్దరమే, అక్క లేకపోతే నాకంటూ ఎవరూ లేరు, ఇందులో దాపరికం ఏమీ లేదు, కళ్ళు మూసుకున్నా తెరిచినా ఇదే తెలుస్తోంది, అయినా ఏడుపు రావడం లేదు. ఆ రోజు అంబులెన్సు మలుపు తిరిగాక పైకి వెళ్ళి గిన్నెలు తోమాను. శుభ్రంగా ఉన్నవి కూడా తోమాను. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి ఎక్కడుందో తెలియదే, అద్దంలో చూసుకుని ఉందని నమ్మాలి, అలా ఉంది నాకు మొత్తం. ఆకలి వేయదు, వేళకి తింటాను. ఆఫీసుకి వచ్చి పట్టిక తెరుస్తాను, వయసులవారీ గడులు ఉంటాయి, అక్క వయసు గడి మీదుగా కూడా వేలు ఆగకుండా వెళ్ళిపోతుంది. అక్క ఫోను కూడా మొన్నటి దాకా పనిచేసేది, మాట్లాడితే ఆయాసం అని నర్సు తీసి పక్కన పెట్టింది. చివరిసారి మాట్లాడినప్పుడు పక్క మంచం కబుర్లే చెప్పింది. బేకరీ ఆవిడట, నిద్రలో కూడా చేతులు కదుపుతూనే ఉంటుందట, దుప్పటిని మడిచి, నొక్కి, తిప్పి, మళ్ళీ మడిచి. రాత్రంతా పిండి పిసుకుతుందే జోస్యం, పొద్దున లేచి చూస్తే ఒక్క రొట్టె లేదు, అంది, నవ్వబోయి దగ్గింది.

వచ్చింది. పెళ్ళికొడుకు పెట్టాడు, పక్కన దండం బొమ్మ. ఇక నాది.

వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను, ఎందుకో, నర్సు ఏమన్నా చూస్తుందా. ఒక ఫోనుకీ ఇంకో ఫోనుకీ మధ్య సగం టీ తాగేంత వ్యవధి ఉంటుంది, నేను ఎప్పుడూ ఆ సగం తాగి ఆపుతాను, అక్క బాగుందని విన్నాక మిగతా సగం. సగం అయిపోయింది. కప్పు కింద పెట్టాను. అవతలి గదిలో కాగితాల మిషను ఒకటి దానంతట అది మూలిగి ఊరుకుంది. ఈ అంతస్తులో ముప్ఫై కుర్చీలున్నాయి, ఇవాళ మనుషులున్నవి ఆరో ఏడో, మిగతావాటి వీపులకి కోట్లు తగిలించి ఉన్నాయి, మొదటి అల వచ్చిన కొత్తలో హడావుడిగా ఇంటికి పంపించేసినప్పుడు వదిలేసి వెళ్ళినవి, ఎవరూ తీసుకెళ్ళలేదు. టీ మీద తెట్టు కట్టింది. ఫోను తెర ఆరిపోయింది, వేలితో తట్టి వెలిగించాను, గ్రూపులో దండం బొమ్మే ఆఖరిది. మళ్ళీ ఆరింది. మళ్ళీ వెలిగించాను.

దారులు రెండే. నర్సు ఎక్కడో ఆగింది, ఎవరికో గ్లూకోజు సీసా అయిపోయింది, లేకపోతే సంతకం కోసం ఎవరో పిలిచారు, ఇంకాసేపట్లో చేస్తుంది. అది కాకపోతే నన్ను దాటేసింది. బేకరీ ఆయనకి ఫోను వచ్చేసింది, ఆయన తరువాతివాళ్ళకీ వచ్చేసింది, నేను చూస్తూ ఉంటానని ఎవరూ పెట్టడం లేదు. బేకరీ ఆయన అసలే పెట్టడు. ఆస్పత్రి గేటు దగ్గర మా ఇద్దరి సంచులూ ఒకే కిటికీలో అందిస్తూ కలిశాం, పెద్ద మనిషి, కనుబొమ్మల్లో కూడా పిండి, నా చేతిలో కాగితం పొట్లం పెట్టాడు, అందులో ఒక బన్ను, ఉప్పెక్కువైతే తిట్టుకోకండమ్మా అన్నాడు. ఆయనకీ జబ్బు వచ్చి పోయింది, పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. పొయ్యి ముందు నిలబడినా రొట్టె అయిందో లేదో తెలియదట, మా ఆవిడ పక్క గదిలోంచి కేకేసి చెప్పేదమ్మా, అయింది తీసెయ్యి అని, ఇప్పుడు గడియారం చూసి తీస్తున్నాను, సగం పచ్చి, సగం మాడు, ఆవిడొచ్చేదాకా కొట్టు కాపాడితే చాలు అన్నాడు. అలాంటి మనిషి నా మంచాన్ని దాటేసి ఆయనకి ఫోను వస్తే, వచ్చింది అని పెడతాడా? చచ్చినా పెట్టడు. అంటే ఈ నిశ్శబ్దం ఆయన మర్యాదే అయి ఉండాలి. గులాబీ బొమ్మ మర్యాద, కారు బొమ్మ మర్యాద. అందరూ నా కోసం నోరు మూసుకుని కూర్చున్నారు, మంచివాళ్ళు, వాళ్ళ మంచితనానికి నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఆ గదిలోకి వెళ్ళినవాళ్ళలో నలుగురికి ఒకరు. ఈ అంకె నేనే వేశాను, పేపర్లలో కూడా వచ్చింది. ఆ గదిలో మంచాలు ఎనిమిది. అంటే ఇద్దరు. తాతగారు ఒకరు. ఇంకొకరు. ఇంత చిన్న గదికి ఆ లెక్క పనికిరాదని కొత్తగా చేరిన పిల్లలకి నేనే పాఠం చెబుతాను, ఒక గదిలో ఎవరూ పోకపోవచ్చు, ఒక గదిలో అందరూ పోవచ్చు, వేలమందిని కలిపి చూస్తేనే లెక్క లెక్క అవుతుంది, బోర్డు మీద రాసి, కింద గీత గీసి చెబుతాను. అయినా ఇప్పుడు ఇద్దరు అనే అనుకుంటున్నాను. ఒకరు అయిపోయారు, ఇంకొకరు మిగిలారు. ఆ ఇంకొకరు అక్క కాకపోతే చాలు. ఎవరైనా ఫరవాలేదు. మాస్టారూ పెళ్ళికొడుకు భార్యా ఇవాళ్టికి గట్టెక్కారు కదా, మిగతావాళ్ళలో ఎవరైనా, గులాబీ బొమ్మ వాళ్ళైనా, కారు బొమ్మ వాళ్ళైనా. పొరపాటున మనసులో మెదిలింది కాదు, మాటలు పేర్చుకుని మరీ అనుకున్నాను. నాలుగో మంచం దగ్గర కూడా ఆగాను, దుప్పటి మడిచే చేతులు కనిపించాయి, ఆగి, ఆవిడైనా సరే అనుకున్నాను. సిగ్గు వేయాలి. వేస్తుందేమోనని కాసేపు చూశాను కూడా.

మధ్యగీత తలుపు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాడు, దూరం పాటిస్తాడు, తలుపు చట్రానికి భుజం ఆనించి కళ్ళజోడు తుడుచుకుంటూ మాట్లాడతాడు. అక్క సంగతి ఆయనకి తెలుసు, సెలవు తీసుకోమని తనే అన్నాడు, ఇంట్లో కూర్చుని ఏం చేస్తానని నేనే వద్దన్నాను, అందుకని పట్టిక అడగడానికి మొహమాటపడుతున్నాడు. పైవాళ్ళు ఫోను చేస్తున్నారని గోడకి చెప్పాడు. చివరి వరుస ఒక్కటే ఆగింది, మధ్యదే ఖాయం చేద్దామా అన్నాడు. చేద్దాం సార్ అన్నాను. పోయిన నెలకన్నా పెరిగిందా అన్నాడు. పెరిగింది, ఆ తరువాతి నెల తగ్గుతుంది అన్నాను, ఎంత మామూలుగా అన్నానంటే ఆయన తుడుచుకోవడం ఆపి నా వైపు చూశాడు. అప్పుడే ఫోను కదిలింది బల్ల మీద, మోగకముందే ఒకసారి వణుకుతుంది కదా, అది. ఆయన అక్కడి నుంచి తప్పుకున్నాడు, ఆ మాత్రం తెలిసిన మనిషే.

ఆస్పత్రి నంబరు. నర్సు చేసినా డాక్టరు చేసినా అదే నంబరు. ఎత్తాక అవతల గొంతు వచ్చే లోపల కాస్త ఖాళీ ఉంటుంది, వెనక మిషన్ల కూత మాత్రం వినిపిస్తుంది, ఆ ఖాళీలో నాకు డిపోలో అక్క బస్సు కనిపిస్తోంది, అద్దం మీద పువ్వు కనిపిస్తోంది.

"మూడో మంచం తాలూకేనా అండీ?" ఆడగొంతు. నర్సు. "ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. పక్క మంచం దగ్గరే అందరం ఉండిపోయాం. మీ అక్కగారు బాగున్నారు. ఆక్సిజన్ నిన్నటికన్నా తగ్గించాం. సూపు తాగారు, చల్లారిపోయిందని నన్ను తిట్టారు కూడా."

ఊఁ అన్నాను.

"ఎప్పుడు పంపిస్తారో మా చెల్లెలినడుగు, అది జోస్యం చెబుతుంది అంటున్నారు. అదొకటి. ఇంకోటి, మధ్యలో తెర వేశామండీ, అది తీయమని ఒకటే గోల. పక్కావిడ చేతులు కదులుతున్నాయో లేదో చూడాలంటారు. ఇప్పుడు తీయకూడదు. మీరు చెప్పారని చెప్పనా, వద్దని?"

"చెప్పండి," అన్నాను. "నేను చెప్పానని చెప్పండి."

పెట్టేసింది, ఇంకా వరస ఉంది ఆవిడకి. ఫోను చెవి దగ్గరే ఉండిపోయింది. అక్క ఉంది. సూపు తాగింది, తిట్టింది, తెర తీయమంటోంది. మిగతా సగం టీ తాగాలి ఇప్పుడు, తాగాను, తెట్టు పెదవికి అంటుకుంది, తుడుచుకున్నాను. సంతోషం ఎక్కడో ఉండే ఉంటుంది, వెతుకుతున్నాను. నేను అడిగిందే కదా. ఇంకొకరు అన్నాను, అక్క కాకుండా అన్నాను, నాలుగో మంచం దగ్గర ఆగి మరీ అన్నాను. నేను అనడం వల్ల కాదు, అది నాకు తెలుసు, నేను కళ్ళు మూసుకుని మంచాలు చూస్తున్నప్పటికే ఆ మంచం చుట్టూ అందరూ మూగి ఉన్నారు, అప్పటికే తెర వేస్తున్నారు. తెలిసినా ఏమీ తేలికపడలేదు. పట్టికలో చివరి వరుస మధ్య గడి మీద వేలు పెట్టాను. ఈ అంకె నిన్ననే వేశాను. ఆవిడ నిన్నటి నుంచే ఇందులో ఉంది, ఆవిడకి బదులు అక్క ఉన్నా కూడా ఈ అంకె ఇంతే ఉండేది, ఒక్కటి అటూ ఇటూ అయ్యేది కాదు. పంపించాను. పంపించేశాను సార్ అని గట్టిగా కేకేశాను కారిడార్లోకి, నా గొంతు నాకే బాగా వినిపించింది.

ఇక గ్రూపులో పెట్టాలి. వచ్చింది. అక్షరాలు కొట్టాను. పంపే గుర్తు మీద బొటనవేలు పెట్టబోయి ఆగాను. నేను పెట్టాక తరువాతిది నాలుగో మంచం. నేను పెట్టిన క్షణం నుంచి ఆయన వీపు నిటారుగా పెట్టి కూర్చుంటాడు. నర్సు అయిదో మంచం వాళ్ళకి చేస్తుంది, ఆరోది ఖాళీ, ఏడోవాళ్ళకి చేస్తుంది, వాళ్ళెవరూ పెట్టరు, ఆఖరున డాక్టరు. నేను పెట్టకపోతే ఇంకా ఆయన వంతు రానట్టే. చెరిపేశాను. చెరిపి ఫోను కింద పెట్టేలోపు ఆయన దగ్గర నుంచే వచ్చింది, గ్రూపులో కాదు, విడిగా నాకు.

"అమ్మా, మీరు ఇంకా పెట్టలేదు. మీది దాటేసి నాకు వచ్చిందేమో, మర్యాదకి నేను పెట్టడం లేదేమో అని మీరు దిగులుపడుతుంటారని చెబుతున్నాను. నిజంగా నాకు ఇంకా రాలేదు. మిమ్మల్ని దాటలేదు."

చదివాను. ఇంకోటి వచ్చింది.

"కంగారు పడకండి. నర్సు ఎవరి దగ్గరో ఆగి ఉంటుంది."

అవునండీ, అని రాయబోయాను. వాసన తెలియని పొయ్యి ముందు ఎత్తుపీట మీద కూర్చుని ఉంటాడు, గడియారం ఒక కంట, ఫోను ఒక కంట, కనుబొమ్మల్లో పిండి, నన్ను ఊరడించడానికి ఒక్కొక్క అక్షరం వెతుక్కుని కొడుతూ. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తప్పుడు అంకె ఒక్కటి కూడా పంపలేదు, మధ్యగీత ఎంత బతిమాలినా, పైవాళ్ళు ఎంత కోప్పడినా, తెలిసి తెలిసి ఒక్కటి పంపలేదు.

"నాకూ ఇంకా రాలేదండీ," అని పంపించాను.

వెంటనే చూశాడు, చూసినట్టు గుర్తు పడింది.

"వస్తుందిలే అమ్మా. మీది రాగానే నాకు చెప్పండి, తరువాత నాదే కదా. ఇవాళ ఒక వాయి బాగా వచ్చినట్టుంది, రంగు చూస్తే తెలుస్తోంది. రెండు తీసి పక్కన పెట్టాను, ఒకటి మీకు," అని వచ్చింది. దాని కింద, ఆయన ఇంకా ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదులుతున్నాయి. చూస్తూ కూర్చున్నాను. చుక్కలు ఆగాయి. మళ్ళీ కదిలాయి. కిటికీ అవతల డిపో మీద ఎండ ఇంకా ఉంది, కారిడార్లో మధ్యగీత ఎవరితోనో ఫోనులో నా అంకె చదివి వినిపిస్తున్నాడు, మళ్ళీ చెప్పమన్నట్టున్నారు, మళ్ళీ చదువుతున్నాడు. చుక్కలు కదులుతూ కదులుతూ ఆగిపోయాయి. ఆ తరువాత కదలలేదు.